తీరమే తరలివచ్చు ప్రయాణము

పదవీవిరమణ దినమున మెడలో పూలదండతోను, భుజముపై శాలువతోను, తోటి ఉద్యోగులు చందాలు వేసికొని కొనియిచ్చిన గోడగడియారముతోను ఇల్లు చేరిన మనుష్యుడు, మఱునాటినుండి కాలముతో ఏమి చేయవలెనో తెలియక, ఆ గడియారమును ఎదుటిగోడకు తగిలించి, ముప్పదియైదేండ్లు తాను ఆఫీసులో చేసిన పనినే ఇంటిలో మఱియొక రూపమున చేయ మొదలిడుట నేను పలువురియందు చూచితిని, నాయందును చూచుకొంటిని. అట్టివారి తీర్థయాత్రలు సైతము ఆఫీసు పనివలెనే సాగును. తెల్లవాఱుజామున నాలుగింటికి టూరిస్టు బస్సు హారను మ్రోగును; ఐదింటికి కాఫీ, ఆఱింటికి దర్శనము, ఎనిమిదింటికి ఇడ్లీ, తొమ్మిదింటికి మఱియొక ఊరు. ఏ రాత్రి పడుకొన్న గదిలో మఱునాటి రాత్రి పడుకొనుట యుండదు. పెట్టె విప్పుట, సర్దుట, తాళపుచెవి వెదకుట, మోకాళ్ళు పట్టుకొని బస్సుమెట్లు ఎక్కుట, ఇదియే యాత్ర. పదిదినములలో పదునాలుగు క్షేత్రములు సేవించి వచ్చిన నా మిత్రుడొకడు ఏ గోపురము ఏ యూర చూచెనో తనకు జ్ఞప్తికి రాక, వాక్యవాక్యమునకును భార్య ముఖము చూచుచు యాత్రావిశేషములు చెప్పెను. ఆమెకును సగమే జ్ఞప్తియందున్నది.

అరువదియేండ్లు దాటినవారికి తగిన వాహనము ఓడ యని నా నిశ్చితాభిప్రాయము. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పిన చాలును. పడుకొన్న మంచము మనతోగూడ నడచును. భోజనశాలకును, వైద్యునికిని, పుస్తకశాలకును నడుమ దూరము లిఫ్టుతో కొలువదగినది. అన్నిటికంటె మిన్న, అందు మనము కూర్చుండియే యుందుము, తీరమే మన యెదుటికి తరలివచ్చును. కడచిన అధ్యాయమున పింఛను సొమ్మును, గ్రాట్యుటీని ఏ విధముగా విభజించి భద్రపఱచుకొనవలెనో విచారించితిమి. ఆ విభాగమున ‘మనకొఱకు’ అని వేఱుగా పెట్టుకొమ్మని చెప్పిన చిన్న మొత్తమును వ్యయించు తెఱగులలో ఒకటి ఈ అధ్యాయమునకు విషయము. ఆ మొత్తము లేనివారు అప్పు చేసి ఓడ యెక్కవలెనని నేను చెప్పను. వాయిదాల నోటీసులను తలచుకొనుచు సముద్రమును చూచువానికి సముద్రము కనబడదు.

సముద్రము మనకు క్రొత్తది కాదు. శాతవాహన ప్రభువుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కలదు. తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును రాజులు స్వాధీనపఱచుకొను ఆచారమును మాన్పి, సముద్రవర్తకులకు అభయమిచ్చుచు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించెను. మా తాతల కాలమున విశాఖపట్టణమునుండియు కాకినాడనుండియు వేలకొలది జనము రంగూను పోయి వచ్చుచుండిరి; ఆ పరదేశపు నగరమును మనవారు పొరుగూరిని పిలిచినంత చనువుగా ‘రంగము’ అనిరి. కాని వారందఱును కూలికిని, వర్తకమునకును పోయినవారు. డెక్కుపై మూటలు తలక్రింద పెట్టుకొని, అలల తుంపరలలో తడియుచు, ఒడ్డు ఎప్పుడు వచ్చునా యని కనిపెట్టుకొన్నవారు. కేవలము చూచుటకై సముద్రముమీద పోవుట మా వంశములో అంతకుముందు ఎవరును ఎఱుగరు. కావుననే ఈ ప్రస్తావన మొదటిసారి వచ్చినపుడు, ‘ఎందుకు?’ అను ప్రశ్న నాకు పుట్టినది. ట్రెజరీ శాఖలో బిల్లులు పరిశీలించి పరిశీలించి, ప్రతి ఖర్చునకును ఎదుట కారణము వ్రాసియుండవలెనను బుద్ధి నాకు ఎముకలలో నాటుకొన్నది.

మా అబ్బాయి సియాటిల్ నగరప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. అచట మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. వారి తలిదండ్రులు వేసవికి వచ్చి ఐదాఱు నెలలుండి పోవుదురు. ఆ నెలలు ఎట్లు గడచునో అనుభవించినవారికి చెప్పనక్కఱలేదు: పగలంతయు నిశ్శబ్దముగా నుండు ఇల్లు, కారు లేనిదే అడుగు సాగని వీథి, శనివారము కొఱకు నిరీక్షణము. ఆ సియాటిల్ రేవునుండియే, వసంతాంతము మొదలు అక్టోబరు వఱకు, అలాస్కా ఓడలు బయలుదేరును. సాధారణముగా ఏడు రాత్రుల ప్రయాణము. బయలుదేరిన రేవునకే తిరిగి వచ్చును. పిల్లలు సెలవు పెట్టనక్కఱలేదు. రేవున దింపి, ఎనిమిదవనాడు వచ్చి తీసికొనిపోయిన చాలును. జూలై, ఆగస్టు మాసములలో పాఠశాలల సెలవులచేత రద్దీయు, ధరయు అధికము. మే చివరనో జూన్ మొదటనో పోవుట మేలు. అప్పుడు అచట వర్షము తక్కువ, కొండలపై మంచు ఇంకను కరగకయుండును, జూన్‌లో రాత్రి పది దాటువఱకు వెలుతురుండును; సాయంసంధ్య యనునది రెండు గంటలసేపు సాగును.

ఈ మార్గమునకు ఇన్‌సైడ్ పాసేజ్ అని పేరు. ఖండపుటంచునకును, లెక్కకు మిక్కిలియైన ద్వీపములకును నడుమ, ఇరుప్రక్కల దేవదారుజాతి వృక్షములతో క్రిక్కిఱిసిన కొండలు నీటిలోనికి దిగివచ్చుచుండగా, ఓడ వానినడుమ ఇరుకుదారిలో మెల్లగా పోవును. రాజమహేంద్రవరము ప్రక్కనుండి లాంచిపై పాపికొండల నడుమకు పోయినవారికి ఆ అనుభవము కొంత తెలియును: ముందు దారి మూసికొనిపోయినట్లు తోచుట, మలుపు తిరిగినంతనే కొండ ప్రక్కకు తొలగి దారి యిచ్చుట. ఆ మలుపును ఒక పూటకు బదులు రెండుమూడు దినములు సాగదీసి, గోదావరి వెచ్చదనమునకు మాఱుగా మంచుగాలిని, వెదురుపొదలకు మాఱుగా స్ప్రూసు చెట్లను ఊహించుకొనవలెను. ద్వీపముల చాటున నీరు నిలుకడగా నుండును. అయితే సియాటిల్‌నుండి బయలుదేరిన ఓడలు పెక్కులు మొదట వాంకోవరు ద్వీపమునకు పడమర నున్న బాహ్యసముద్రమున పోవును గనుక, మొదటి రాత్రి కొంత ఊగిసలాట తప్పకపోవచ్చును. దానికి వైద్యుని అడిగి మాత్ర తెచ్చుకొనుడు. శొంఠిముక్క నోటనుంచుకొనుటయు కొందఱికి గుణమిచ్చును. ఓడ మధ్యభాగమున, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. ముందుకొనయందును, పై అంతస్తులందును ఎక్కువ. తూగుడుబల్ల కొసలు ఊగినంతగా నడుమ ఊగదు గదా.

ఇచట ఒక చిక్కు కలదు. దానిని ముందే చెప్పని బంధువులు పెక్కుమంది, తెలియక రేవువఱకు పోయి వెనుకకు వచ్చినవారును కొందఱు. ఈ ఓడలలో పెక్కులు అన్యదేశముల జెండాక్రింద రిజిస్టరైనవి. 1886 నాటి అమెరికా చట్టమొకటి, అట్టి ఓడ అమెరికా రేవునుండి ప్రయాణికులను ఎక్కించుకొని మరల అమెరికా రేవుననే దింపవలెనన్న నడుమ పరదేశపు రేవునొకదానిని తాకవలెనని నిర్బంధించుచున్నది. అందుచేత ఆ ఓడలు కడపటి సాయంకాలము కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగును. ఆ కొన్ని గంటలకై భారతీయ పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసాయు, అమెరికాకు మరల ప్రవేశించుటకు పలుమాఱులు చెల్లు వీసాయు ఉండవలెను. ‘మేము ఒడ్డు దిగము, ఓడలోనే కూర్చుందుము’ అనిన సాగదు. నేను రేవున వరుసలో నిలుచుండగా నాకు ముందున్న వృద్ధదంపతులను ఈ కారణముననే ఆపివేసిరి. ఆయన కంఠస్వరమున అధికారపు జీర యున్నది. ఎచటనో పెద్ద ఉద్యోగము చేసియుందురు. ఆ జీర అచట పనిచేయలేదు. ఆమె మాత్రము మాటలాడక, పెట్టెలపై అంటించిన ఓడ చీటీలను గోటితో ఒక్కొక్కటిగా ఊడదీయుచుండెను. కెనడా వీసాకు నెలలు పట్టుటయు కలదు. కావున ఇండియానుండి బయలుదేరకముందే దరఖాస్తు పెట్టుకొనుడు.

గదిని గూర్చి. ఓడలలో కిటికీ లేని లోపలి గది, మూసిన కిటికీ గల గది, బాల్కనీ గల గది యని ముఖ్యముగా మూడు తరగతులు. కరీబియను ద్వీపములవంటి ఉష్ణసముద్రములలో లోపలి గది తీసికొని పగలంతయు పైడెక్కున గడపువారిని నేను తప్పుపట్టను. అలాస్కాకు మాత్రము, మీ మోకాళ్ళు సుముఖముగా లేనియెడల, బాల్కనీ గది తీసికొనుడు. ఆ హెచ్చు ధరను రేవులలో ఉన్నిటోపీలు, నగలు, చాక్లెట్లు కొనకుండుటచేత తిరిగి రాబట్టుకొనవచ్చును. తెల్లవాఱుజామున మెలకువ వచ్చుట మన వయసు లక్షణము. ఆ వేళ శాలువ కప్పుకొని తలుపు త్రోసికొని రెండడుగులు వేసిన చాలును, కొండలమీద మేఘము ఇంకను నిద్రలేవక పడియుండును. ఎడమ ప్రక్కయా కుడి ప్రక్కయా యని తర్కించుట మాత్రము వ్యర్థము: పోవునపుడు కుడిప్రక్కన నున్న ఖండపుతీరము వచ్చునపుడు ఎడమప్రక్కకు మాఱును.

ధరలన్నియు ఒక గదిలో ఇద్దఱుందురను లెక్కపై ఏర్పడినవి. ఒంటరిగా పోవువాడు ఇంచుమించు ఇద్దఱి సొమ్ము చెల్లించుకొనవలసివచ్చును. భాగస్వామిని పోగొట్టుకొన్నవారికి ఈ నియమము నిష్ఠురముగా తోచును. మా పెద్దక్కయ్య బావగారు పోయిన రెండేండ్లకు, ఆయన చెల్లెలితో, అనగా తన ఆడబిడ్డతో, ఒక గది పంచుకొని ఈ ప్రయాణమే చేసి వచ్చినది. నలుబదియేండ్లు ఒక యింట ఉండియు వారిద్దఱకు పెద్దగా మాటలుండెడివి కావు. ఓడలో ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు. తిరిగి వచ్చిన పిమ్మట మాత్రము ప్రతి ఆదివారము ఫోనున మాటలాడుకొనుచున్నారు.

సామానుల విషయమున నాలుగు మాటలు చాలును. రేవున పెద్దపెట్టెలను ఓడవారు తీసికొని సాయంకాలమునకు గాని గదికి చేర్చరు. కావున మందులు, కళ్ళజోడు, పాస్‌పోర్టు చేతిసంచిలోనే యుండవలెను. మందులు పదునైదు దినములకు సరిపడ తీసికొనుడు, ఏడింటికి కాదు. రైసుకుక్కరు, నీళ్ళు కాచుకొను కెటిలు, ఇస్త్రీపెట్టె అగ్నిభయముచేత ఎక్కనీయరు. వానిని వారే తీసి దాచి చివరినాడు ఇచ్చుదురు. ఇంటి ఆవకాయ సీసా విషయము ఒక్కొక్క ఓడలో ఒక్కొక్క తీరుగా నుండును. అంగడిలో సీలు వేసిన పొడుల పొట్లములకు సామాన్యముగా అభ్యంతరముండదు. శాకాహారులు టికెట్టు కొనునపుడే ఆ మాట వ్రాయించి, మొదటి రాత్రి భోజనశాల పెద్దను చూచి మరల చెప్పిన, పప్పును అన్నమును వెదకుకొననక్కఱలేదు. వంటశాలలలోను వడ్డనలోను మన దేశపువారు చాలమంది పనిచేయుచుందురు, పెద్దవారిని చూచినంతనే వారికి తమ యిల్లు జ్ఞప్తికి వచ్చును. మంకీటోపీ పెట్టుకొనుటకు సిగ్గుపడకుడు. భీమవరమున జనవరిలో పెట్టుకొనువారు అలాస్కాలో జూన్‌లో మానుట ఏమి నాగరకత? ఒక్క మందపు కోటుకంటె రెండుమూడు పలుచని ఉన్నిబట్టలు ఒకదానిపై నొకటి వేసికొనుట మేలు. మంచి దుర్భిణి యొకటి, దంపతులకు రెండైనచో మఱియు మంచిది. ఒకే దుర్భిణి దాంపత్యమునకు పరీక్ష. భోజనశాలకు పోవునపుడెల్ల సబ్బునీటితో చేతులు కడుగుకొనుడు. వేలమంది ఒక్కచోట తినునపుడు వాంతులు విరేచనములు కలిగించు నోరోవైరస్ వ్యాపించుట కలదు, చేతికి రాచుకొను ద్రవము దానికి చాలదు. బీమాపత్రమున ఓడలోని చికిత్సయు, ఓడనుండి ఆసుపత్రికి తరలించు వ్యయమును, మీకు ముందునుండియున్న మధుమేహము, రక్తపుపోటు వంటివియు చేరినవో లేదో చదువుకొనుడు. ఆ చిన్న అక్షరములను మీరు చదువనిచో పిల్లలచేత చదివించుడు. ఓడ కదలకముందు జరుగు ప్రాణరక్షణ అభ్యాసమును తప్పించుకొనుటకు నిద్ర నటించుట తగదు. నేను ఆ ప్రయత్నము చేసి దొరికిపోయితిని.

ఇక అసలు విషయము. ప్రతి రాత్రియు ఓడవారు మఱునాటి కార్యక్రమముల పట్టికను గదికి పంపుదురు. ఉదయము ఏడింటికి వ్యాయామము, ఎనిమిదింటికి చిత్రలేఖనము, తొమ్మిదింటికి వంట ప్రదర్శన, పదింటికి క్విజ్, ఇట్లు నడిరాత్రి నాట్యము వఱకు. అది చేతికి వచ్చినంతనే నా పూర్వజన్మ మేలుకొన్నది. నీలిపెన్సిలు తీసి, పోవలసినవానిప్రక్క టిక్కులు పెట్టి, రెండు కార్యక్రమములు ఒకే వేళ నున్నచోట విచారించి, వ్యత్యాసములు సవరించి, సంతకము ఒక్కటియే తక్కువగా ఒక దస్త్రము తయారుచేసితిని. మూడవనాడు మధ్యాహ్నము రెండు గంటలకు ‘తిమింగలముల జీవితము’ అను ఉపన్యాసము. నేను పోతిని. మా ఆవిడ రానన్నది. శాలువ కప్పుకొని డెక్కుమీద కుర్చీలో కూర్చున్నది.

ఉపన్యాసము బాగుగానే యున్నది. హంప్‌బ్యాక్ జాతి తిమింగలములు శీతకాలమంతయు హవాయి ద్వీపముల వెచ్చని నీటిలో పిల్లలను కనుచు, అచట ఆహారము లేక ఇంచుమించు ఉపవాసముండి, వేసవికి వేలమైళ్ళు ఈదుకొని అలాస్కా చేరి, చిన్నచేపలను క్రిల్లు అను రొయ్యజాతి ప్రాణులను తిని క్రొవ్వు కూడబెట్టుకొనునట. కొన్ని కలిసి చేపలగుంపు చుట్టును బుడగలు వదలుచు వలవలె అల్లి, ఒక్కమాఱుగా నోళ్ళు తెఱచుకొని పైకి లేచునట. నేను రెండు పుటల నోట్సు వ్రాసికొని డెక్కునకు వచ్చితిని.

“ఏమండీ, మీరు అటు వెళ్ళిన పావుగంటకే వచ్చింది,” అన్నది మా ఆవిడ. “ఇంటికప్పంత తోక. మూడుసార్లు లేచింది. పక్కన పిల్ల కూడా ఉంది.”

“నన్ను పిలవలేకపోయావా?”

“పిలుద్దామని లేచేలోపల మళ్ళీ లేచింది. ఇంక కదలబుద్ధి కాలేదు.”

నేను నోట్సు పుస్తకమును జేబులో పెట్టుకొంటిని. ఆమె కుర్చీప్రక్క ఇంకొక కుర్చీ వేసికొని సాయంకాలము ఆఱింటివఱకు నీటివంక చూచితిని. ఏమియు రాలేదు. అయినను ఆ నాలుగు గంటలలోనే, మొదటి గంట విసుగుతోను, రెండవ గంట పశ్చాత్తాపముతోను, మూడవ గంట అరనిద్రతోను గడచిన తరువాత, నాలుగవ గంటలో నేను సముద్రమును చూడ మొదలిడితిని. నీరు ఒకే రంగు కాదనియు, కొండనీడ పడినచోట ఆకుపచ్చగాను, వెలుతురు పడినచోట తగరమువలెను, హిమానీనదముల కరగునీరు కలిసినచోట సున్నము కలిపినట్లును ఉండునని అప్పుడు కనబడినది. ఆ రాత్రి వచ్చిన పట్టికను విప్పి చూడకయే బల్లసొరుగున పడవైచితిని. తరువాతివియు అచటికే చేరినవి. వారమురోజులలో మీకు తిమింగలము కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కాని ఈ నాలుగు గంటల అభ్యాసము చేయనిచో, ఓడ దిగిన తరువాత మీయొద్ద మిగులునది టిక్కుపెట్టిన కాగితము మాత్రమే. ఓడ యెక్కిన మొదటినాడే ఒక పూట ఊరక కూర్చుండి విసుగును ఎదుర్కొనుడు. విసుగునకు అవతలి యొడ్డుననే చూపు ప్రారంభమగును.

రేవుల విషయము క్లుప్తముగా చెప్పెదను. కెచికాన్‌లో ఏటికి సుమారు 150 అంగుళముల వాన, మన కోస్తావానకు మూడింతలకు మించినది. గొడుగు పట్టుకొని ట్లింగిట్ మున్నగు మూలవాసుల టోటెం స్తంభములను చూచి రండు, పెక్కు స్తంభములందు వంశకథలు చెక్కబడి యుండును. జూనో ఒక రాష్ట్రమునకు రాజధాని యయ్యును బయటి ప్రపంచమునుండి దానికి రోడ్డు లేదు. ఓడయో విమానమో శరణ్యము. స్కాగ్వే మాత్రము కొంత నిలిచి చూడదగినది. 1896లో కెనడాలోని క్లాండైకున బంగారము దొరకినదని తెలిసి లక్షమంది బయలుదేరగా, అందు మూడవవంతు మాత్రమే గమ్యము చేరిరందురు. ఏడాదికి సరిపడ తిండి లేనివానిని కెనడా పోలీసులు సరిహద్దు దాటనీయలేదు. సామానంతయు కలిసి ఒక టన్ను. దానిని స్కాగ్వేనుండి కొండపైకి మోయలేక వేలకొలది గుఱ్ఱములు దారిలోనే చచ్చినవి. 1898లో ఆరంభమై 1900లో పూర్తియైన చిన్నరైలుమార్గమున నేడు మెత్తని ఆసనముపై కూర్చుండి, సుమారు 2,900 అడుగుల ఎత్తునకు ఎక్కుచు, లోయలో ఆ గుఱ్ఱముల బాటను క్రిందికి చూచుచు పోవుదుము. ఒడ్డు దిగినపుడు ఓడవేళను చేతిగడియారమున ఉంచుకొనుడు. సెల్‌ఫోను ఒడ్డు వేళను చూపి మోసగించవచ్చును, అలాస్కా కాలము సియాటిల్ కాలమునకు ఒక గంట వెనుక. మీరు స్వయముగా పోయి ఆలస్యమైనచో ఓడ ఆగదు. సముద్రమున ఫోనును విమానపు మోడ్‌లో పెట్టుకొనుడు. ఓడ సిగ్నలుకు పడు బిల్లు పింఛనుదారుని గుండెకు మంచిది కాదు.

టికెట్టు కొనునపుడు ‘అలాస్కా’ అను పేరు చూచి తృప్తిపడక, మార్గపత్రమున గ్లేసియర్ బే అను మాట యున్నదో లేదో చూచుకొనుడు. ఆ సముద్రశాఖలోనికి దినమునకు రెండు పెద్దఓడలకు మించి పోనీయరు. కావున అన్ని ఓడలకును ఆ భాగ్యము లేదు. నా మాట నమ్మినచో, ఆ ఒక్క దినముకొఱకై తక్కిన ఆఱు దినములను భరింపవచ్చును.

మేము పోయిననాటి ఉదయము శాఖాముఖమున అచటి జాతీయోద్యానవనపు రేంజర్లు చిన్నపడవపై వచ్చి, కదలుచున్న ఓడ ప్రక్కను వ్రేలాడు నిచ్చెన యెక్కి లోనికి వచ్చిరి. వారిలో నొకరు మైకునందు మితముగా, మంచి ఉపాధ్యాయునివలె మాటలాడిరి. 1794లో కెప్టెన్ వాంకోవరు బృందము వచ్చి చూచినపుడు ఇచట శాఖయే లేదు. తీరము కొంచెము గుంటపడినట్లుండి, దానివెనుక అంతయు మంచుగోడయే. 1879లో జాన్ మ్యూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ట్లింగిట్ తెడ్డువారితో చిన్నపడవలో వచ్చునప్పటికి ఆ గోడ 40 మైళ్ళకు పైగా వెనుకకు జరిగియుండెను. నేడు శాఖ లోతు 65 మైళ్ళు. అనగా మంచు రెండు శతాబ్దములకు పైగా నడచిన వెనుకదారిని మన ఓడ ఒక పూటలో నడచును. ఆ నడకలో విచిత్రమైన సంగతి యొకటి కలదు. శాఖాముఖమున మంచు ఎప్పుడో తొలగినది గనుక ఇరువందల యేండ్ల పెద్ద అడవి. కొంతదూరము లోపలికి పోగా చెట్లు పడుచువి. మఱికొంత పోగా పొదలు. ఆ పిదప నాచును, ఎఱ్ఱని పూలమొక్కలును. ఆపైన తడియారని పచ్చిరాయి. విలియం కూపర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1916 మొదలుకొని అచట భూఖండికలు గుర్తించి, రాయి అడవిగా మాఱు క్రమమును ఏండ్లతరబడి కొలిచెను. మనము దానిని తలక్రిందుగా, అడవినుండి రాతికి, ముదిమినుండి పురిటికి, కుర్చీ కదలక చూతుము.

మంచు పోయినచోట మాత్రమే కథ యున్నదనుకొనరాదు. వాంకోవరు రాకకు కొన్ని దశాబ్దములు ముందు, ఆ హిమానీనదము ముందుకు దూకివచ్చి, అచట తరతరములుగా కాపురమున్న హూనా ట్లింగిట్ ప్రజలను వెడలగొట్టినది. ఊరు మంచుక్రింద పడిన కథను వారు నోటినుండి నోటికి చెప్పుకొనుచు కాపాడుకొనిరి. 2016లో ఆ శాఖాతీరముననే వారి వంశగృహమొకటి మరల లేచినది. శ్రీశైలపు జలాశయముక్రింద ఊళ్ళు విడిచివచ్చినవారు మనలో నున్నారు. వారికి ఈ కథను వివరించనక్కఱలేదు.

మధ్యాహ్నమునకు మార్జరీ హిమానీనదము ఎదుట ఓడ ఆగినది. ఒక మైలు వెడల్పున, కొండలసందునుండి దిగివచ్చి నీటిలో నిలిచిన నీలపుగోడ. ఆ నీలిమ ఆకాశపు ప్రతిబింబము కాదు. శతాబ్దముల బరువుచేత గాలిబుడగలు పిండబడి గట్టిపడిన మంచు, వెలుతురులోని ఎఱుపును తాను మ్రింగి నీలమును మనకు విడుచును. పదునాలుగంతస్తుల మా ఓడ దాని యెదుట కొలువునకు వచ్చిన రైతువలె నిలిచినది. యంత్రధ్వని తగ్గినది. వేలమంది మాటలు మానిరి; అంతమంది మాటలు మానుట నేను అంతకుముందు ఎక్కడను వినలేదు. అప్పుడు గోడలో ఒక స్తంభము, ఏ చప్పుడును లేకుండ, నిలువున జాఱి నీటిలో దిగబడినది. నీరు పైకి లేచినది. ఆ తరువాత గాని ధ్వని మమ్ము చేరలేదు. ట్లింగిట్‌లు ఆ ధ్వనిని తెల్లని ఉఱుము అందురట. మావంటి ముసలివారు కొందఱు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తబోగా, పనివాడొకడు, గోవావాడు, హిందీలో చెప్పెను: “కూర్చోండి సాబ్, కెప్టెన్ ఓడను తిప్పుతాడు.” నిజముగనే కెప్టెన్ ఆ మహానౌకను ఉన్నచోటనే, తిరుగలివలె, నిదానముగా తిప్పెను. ఎవరి బాల్కనీ ఎదుటికి వారికి హిమానీనదము వచ్చినది. మా ఆవిడ ఫ్లాస్కుమూతలో టీ పోసి నా చేతికిచ్చి, తాను త్రాగుట మఱచినది.

విక్టోరియాలో దీపములు చూచి, కడపటి రాత్రి గదికి వచ్చి, మంచమెక్కితిమి. ఆ రాత్రి పెద్దపెట్టెలను తాళము వేసి గది వెలుపల నుంచవలెననియు, ఉదయమునకు కావలసిన దుస్తులను మాత్రము వేఱుగా చేతిసంచిలో పెట్టుకొనవలెననియు ఓడవారు తెలిపియేయుండిరి. ఏ కాగితమున ననగా, నేను నాలుగు రాత్రులుగా చదువుట మానివేసిన పట్టికలో. ప్రక్కగదివారు పెట్టెలు ఈడ్చుకొని రాగా చూచి, మా ఆవిడ నిద్రలో నుండగా, నా పెట్టెను నేనే చకచక సర్ది బయట పెట్టి వచ్చితిని. తెల్లవాఱి చూతునుగదా, ప్యాంట్లన్నియు పెట్టెలో, పెట్టె ఓడగర్భమున. పైన ఉన్నికోటు, నెత్తిన మంకీటోపీ, నడుమున గళ్ళలుంగీ. ఆ వేషముతోనే సియాటిల్ రేవున ఇమ్మిగ్రేషను వరుసలో నిలుచుంటిని. అధికారి పాస్‌పోర్టు ఫొటోను, నన్ను, లుంగీని మార్చిమార్చి చూచి ముద్ర వేసెను. బయట కారువద్ద నిలుచున్న మా అబ్బాయి నోరు తెఱచునంతలో మా ఆవిడ వానిని వారించినది: “ఏమీ అడక్కురా. మీ నాన్నగారికి బాగా విశ్రాంతి దొరికింది.”